కుంట గోడకు టేకు పలక

భానుశ్రీ మొదట కట్టిన యంత్రం చెక్కది. మోటారు తిరగడం మొదలవగానే చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికేది. కంప్యూటర్‌లో గీసిన గీత ప్రకారం పలకను తొలిచే యంత్రం అది, సీఎన్‌సీ రూటర్ అంటారు. తిన్నని గీత గీయమంటే పాము పాకినట్టు గీసేది. ఆ వంకర పలకలు చూస్తే ఆమెకు రోత పుట్టేది. ఒక ఆదివారం దాన్ని విప్పి, ముక్కలన్నీ పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది. కడితే ఉక్కుతోనే కట్టాలని తేల్చుకుంది.

ఆమెది బాపట్ల. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పనిలో చేరింది. ఎవరో రాసిన ప్రోగ్రాముల తెరల మీద పొద్దస్తమానం మీటలు నొక్కి తప్పులు పట్టుకోవడం ఆ పని. సాయంత్రం ఇంటికొచ్చాక ఇవాళ ఏం చేశానని అడిగితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. భర్త వెంకట్ బ్యాంకు ఉద్యోగి. "అంత సరదా అయితే కొనుక్కోవచ్చు కదా భానూ" అనేవాడు. కొనుక్కుంటే తనది ఎట్లా అవుతుందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

లింగంపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంటులో గ్రైండర్ మోగించగానే కింది ఇంటివాళ్లు మెట్లెక్కి వచ్చేవాళ్లు. అందుకని ఖాజాగూడలో రత్నమాల వెల్డింగ్ షెడ్డులో ఒక మూల అడిగి తీసుకుంది. రత్నమాల ఆ ఊరిదే. భర్త పోయాక షెడ్డు మూసెయ్యమని బంధువులు చెప్తే, అద్దాల ముసుగు తనే తగిలించుకుని గేట్లూ కిటికీ గ్రిల్సూ చేయడం మొదలుపెట్టిన మనిషి. గొంతు పెద్దది. నవ్వు ఇంకా పెద్దది.

"ఏంది చెల్లె గిది, మంచమా?" అంది మొదటిరోజు, భానుశ్రీ తెచ్చిన చదరపు పైపులు చూసి.

"మంచం కాదక్కా, యంత్రానికి చట్రం."

"గింత మందం పైపులేంది మరి? దీని మీద ఏనుగును పండవెడ్తవా?"

"బరువుంటేనే వణకదు."

చట్రం చేయడమే పెద్ద పరీక్ష అయింది. భానుశ్రీ తొందరపడి ఒక మూల పూర్తిగా అతికించి, ఆ తర్వాత ఇంకో మూలకు వెళ్లింది. వేడెక్కిన ఉక్కు చల్లారుతూ తన వైపుకు లాక్కుంటుందని పుస్తకంలో చదివిందే. తెల్లారి రసమట్టం పెట్టి చూస్తే చట్రం ఒక కాలెత్తిన కుక్కలా నిలబడి ఉంది. దాని మీద పట్టాలు బిగిస్తే పైన నడిచే అడ్డదూలం సగం దూరం వెళ్లి బిగుసుకుపోయింది.

"రంగెయ్, ఎవ్వరికి కనవడది" అంది రత్నమాల. "నా గేట్లన్ని గట్లనే పోతయి."

"నాకు కనపడుతుందక్కా."

అతుకులన్నీ మళ్లీ కోసేసింది. ఈసారి అన్ని మూలలూ చుక్కచుక్కగా అంటించి, ఎదురెదురు మూలలకు కొంచెం కొంచెం వెల్డింగ్ పోస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కట్టింది. ఇంకా మిగిలిన వెంట్రుకవాసి తేడాలకు పట్టాల కింద పల్చటి ఇత్తడి రేకులు దూర్చింది. శని, ఆదివారాలన్నీ దానికే పోయాయి. చేతుల నిండా బొబ్బలు. రత్నమాల తన డబ్బాలో అన్నం కలిపి, "తినవే, పైపులు తింటవా ఏంది?" అని ముద్దలు పెట్టేది.

అప్పటికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బళ్లు మూతపడ్డాయి. బొగ్గు గని కార్మికులు దిగిపోవడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. ఆఫీసులో రాష్ట్రం గురించి మాట్లాడొద్దని మెయిల్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు, కానీ భోజనాల దగ్గర బల్లలు వాటంతటవే రెండుగా విడిపోయాయి. నిన్నటిదాకా పక్కన కూర్చుని ఆమె గోంగూర పచ్చడి లాక్కుని తిన్న హేమంత్ ఇప్పుడు పళ్లెం పట్టుకుని ఎదురు బల్లకు వెళ్లేవాడు. ఈ బల్లవాళ్లు అతని వెనక పడి పడి నవ్వేవాళ్లు. రెండూ చూసి ఆమె డబ్బా మూసేసి లేచేది.

షెడ్డులో మాత్రం ఒక మధ్యాహ్నం యంత్రం తిన్నని గీత గీసింది. భానుశ్రీ గీత అంచుకు మూలమట్టం ఆనించి చూసింది. మధ్యలోంచి వెలుతురు కూడా దూరలేదు. రత్నమాల వేలితో ఆ గీతను తడిమి, "అబ్బ, దువ్వెనతోని పాపిడి తీసినట్టుంది" అంది.

ఆ గీతను చూడటానికి వచ్చినవాళ్లలో యజ్ఞనారాయణ ఒకడు. గుంటూరు నుంచి వచ్చి ఖాజాగూడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డరు. అతని గేట్లన్నీ రత్నమాలే చేస్తుంది. అతనితో పాటు రామన్న వచ్చాడు. రామన్న ఆ ఊరి లీడరు. రోడ్డు మీద ప్రతి ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతుండేది అతనే. నోట్లో గుట్కా. మాట్లాడే ముందు షెడ్డు మూలకు తిరిగి ఉమ్మేవాడు.

"మన భరత్ ఎరుకే కదా?" అన్నాడు రామన్న. "తెలంగాణ కోసం పానమిచ్చిండు. అమరుడు. ఆయన బొమ్మ టేకు మీద చెక్కాలె మేడం, ఊరంత సూడాలె."

భరత్ ఆ బస్తీ కుర్రాడు. డిగ్రీ చదువుతూ ఉద్యమంలో తిరిగి, రాష్ట్రం రాదేమోనన్న దిగులుతో కిందటేడు ప్రాణం తీసుకున్నాడు. రత్నమాల అతన్ని ఎత్తుకుని తిప్పిన మనిషి. పేరు వినగానే కళ్లు తుడుచుకుంది.

యజ్ఞనారాయణ భానుశ్రీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మనమ్మాయివి, మంచి పని చేస్తున్నావని వచ్చానమ్మా. ఈ రోజుల్లో మనవాళ్లు ఇలాంటిది చేస్తే అందరికీ మంచిది. కలప నేను పంపిస్తాను. కరెంటుతో ఇబ్బంది లేకుండా జనరేటరు కూడా పంపిస్తాను."

భానుశ్రీకి అతని 'మనవాళ్లు' నచ్చలేదు. కానీ తన యంత్రం చేయబోయే మొదటి అసలు పని అది. ఒక కుర్రాడి ముఖం. ఒప్పుకుంది.

రామన్న పంపిన నమూనాలో రామన్న ముఖం పైన చంద్రుడంత ఉంది. భరత్ ముఖం కింద మూలన బొత్తామంత ఉంది. అట్టడుగున 'సమర్పణ' అని రామన్న పేరూ యజ్ఞనారాయణ కంపెనీ పేరూ ఉన్నాయి.

"ఇది భరత్ పలకా, మీ పలకా?" అని ఫోన్‌లో అడిగింది.

"అట్లనే ఉంటది మేడం, అందరు గట్లనే ఏపిస్తరు."

"నేను చెయ్యను. పలకంతా భరతే ఉండాలి."

గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు, కింద పేర్లు మాత్రం వదలనన్నాడు. సరేలెమ్మని ఆమె వదిలేసింది.

ముఖాన్ని ఎత్తుపల్లాలుగా చెక్కడం గీత గీయడం లాంటిది కాదు. గుండ్రటి మొన ఉన్న బిట్టు, అంటే తొలిచే ఉలి, సన్నగా, పక్కపక్కనే, దున్నినట్టుగా వెళ్తూ రావాలి. మధ్యలో కరెంటు పోతే యంత్రం తానెక్కడుందో మరచిపోతుంది. అందుకని జనరేటరు వాడక తప్పలేదు. షెడ్డంతా డీజిలు పొగ. టేకు పొట్టు గొంతులో పడి దగ్గు. ఆ పొగలోంచే మెల్లగా ఒక నుదురు లేచింది, తర్వాత ముక్కు, కొంచెం పక్కకు తిరిగిన నవ్వు.

కబురు తెలిసి భరత్ తల్లి రాజమ్మ వచ్చింది. ఇళ్లల్లో పాచిపని చేసుకునే మనిషి. యంత్రం ఆపి పొట్టు ఊదేదాకా గుమ్మంలోనే నిలబడింది. దగ్గరకొచ్చి చెక్క చెంప మీద చెయ్యి వేసింది.

"ముక్కు గిట్లనే ఉండె" అంది. "నవ్వితే గీ పక్కకే పోతుండె మూతి."

రత్నమాల వెళ్లి జనరేటరు ఆపేసింది.

"ఎక్కడ పెడుతున్నారమ్మా?" అని అడిగింది భానుశ్రీ.

"బడికాడ, బిడ్డా. వాడు సదివిన బడికాడ పెడ్తమన్నడు రామన్న. పిల్లలు సూస్తరు కదా."

పలక పూర్తయ్యాక బిగించడానికి గోడ ఎట్లా ఉందో చూడాలని భానుశ్రీ యజ్ఞనారాయణకు ఫోన్ చేసింది. అతను మనిషిని పంపాడు. ఆ మనిషి బడి వైపు వెళ్లకుండా రాళ్లగుట్ట వెనక్కు, కుంట దగ్గరకు తీసుకెళ్లాడు.

అక్కడ కొత్త గోడ ఉంది. నీళ్ల మధ్యలోంచి లేచినట్టుంది. గోడకు అటు పక్క లారీలు పడగొట్టిన ఇళ్ల పెళ్లలు, ఇటుక ముక్కలు, పగిలిన కమోడ్లు, చిరిగిన పరుపులు దింపుతున్నాయి. జేసీబీ వాటిని నీళ్లలోకి నెడుతోంది. వానాకాలం కుంట నీళ్లు పరుచుకునే నేల అది. శిఖం భూమి అంటారు, అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు. ఒడ్డున చచ్చిన చేపలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. వాటి మీద ఈగలు. ఆ కంపుకు భానుశ్రీ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఈ గోడకా?" అంది.

"అవ్ మేడం. గేటు పక్కన, రోడ్డు మీదికి కనవడేటట్టు. మున్సిపాలిటోల్లు ఒకపారి వచ్చిండ్రు కూలగొడ్తమని. ఇగ బొమ్మ పెట్టినంక ఎవడు ముడతడు? అమరుని బొమ్మ మీద గునపం ఏస్తే ఊరు ఊకుంటదా?"

అతను అదేదో తెలివైన ఏర్పాటు అన్నట్టు నవ్వుతూ చెప్పాడు. భానుశ్రీ రెండడుగులు పక్కకు వెళ్లి, రాయి పట్టుకుని వాంతి చేసుకుంది.

షెడ్డుకు తిరిగి వచ్చి పలక ముందు కూర్చుంది. కింద 'సమర్పణ' అక్షరాలు ఎంత నున్నగా, ఎంత తిన్నగా ఉన్నాయో చూసింది. ఇన్ని వారాలు ఉక్కుతో పోట్లాడింది ఈ నునుపు కోసమేనా అనిపించింది.

"అక్కా, ఆ పలక ఎక్కడికో నీకు తెలుసా?"

రత్నమాల గేటు ఊచ కోస్తూ తలెత్తలేదు. "తెలుసు."

"రాజమ్మకు బడి దగ్గరని చెప్పారు."

"చెప్పనీ. బడి అయితేంది, గోడ అయితేంది, బొమ్మ బొమ్మనే కదా. గా గోడకు గేటు నేనే చేస్తున్న. ఆయన పని బంద్ చేస్తే నా షెడ్డు నడవదు. నువ్వేమో నెల కాంగనే జీతం తీస్కుంటవ్, నీకేం ఫికర్?"

"భరత్‌ని ఎత్తుకు తిప్పానన్నావు."

"ఊకో!" అని అరిచింది రత్నమాల. ఊచ కింద పడేసింది. "ఎత్తుకున్న. ఏడ్సిన. ఇప్పుడేం జెయ్యాలె, నేను గూడ సావాల్నా?"

మర్నాడు యజ్ఞనారాయణ, రామన్న కలిసే వచ్చారు. పలక ఇవ్వనని భానుశ్రీ చెప్పింది.

యజ్ఞనారాయణ ముందు మెత్తగా మాట్లాడాడు. "మనలో మనం ఇట్టా చేసుకుంటే ఎట్టాగమ్మా? ఈ గొడవల్లో మన ఆస్తులు మనమే కాపాడుకోవాలి. అవతల వాళ్ల సంగతి నీకు తెలీంది కాదు."

అవతల వాడైన రామన్న అతని పక్కనే నిలబడి, ఆ మాట వినిపించనట్టు గుట్కా నములుతున్నాడు. ఉమ్మి వచ్చి మాట్లాడాడు.

"మేడం, జర సోచాయించుండ్రి. ఆంధ్రామె మా అమరుని బొమ్మ ఇయ్యనంటున్నదని బస్తీల ఒక్క మాటంటే సాలు. గీ మిషిను ఉంటదా? మీరుంటరా?"

 భానుశ్రీ అయినా అడిగింది. "ఆయనేమో నేను మనమ్మాయినంటాడు. మీరేమో ఆంధ్రామెనంటారు. మీరిద్దరూ ఎప్పుడు ఒకటయ్యారండీ?"

రామన్న నవ్వు ఆగిపోయింది. "రేపు మనుషులొస్తరు. పలక తీస్కపోతరు" అని కారెక్కాడు.

వాళ్లు వెళ్లగానే భానుశ్రీ పలక అడుగున పేర్లున్న పట్టీని రంపంతో కోసి పారేసింది. మిగిలినదాన్ని దుప్పట్లో చుట్టి, ఆటో దొరక్క, భుజాన పెట్టుకుని బస్తీలో రాజమ్మ ఇంటికి నడిచింది. కుంటా, గోడా, లారీలూ, చూసిందంతా చెప్పింది.

రాజమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు ఆంధ్రదానివి. మా లీడర్ల మీద గిట్ల చెప్తె నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకండమ్మా. వచ్చి చూడండి."

ఇద్దరూ కలిసి వెళ్లారు. కుంట ఒడ్డున రాజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "మా ఆయన గీన్నే సాపలు పట్టెటోడు" అంది చివరికి. "భరత్ ఈత నేర్సింది గీ నీళ్లల్ల. బడికి ఎగ్గొట్టి గీడనే ఉండెటోడు, కట్టె పట్టుకొని ఉరికిస్తుంటి. గా పెంటంత వాని నీళ్లల్ల పోసి, మీద వాని మొకమే పెడ్తరా?"

మర్నాడు వచ్చిన మనుషులకు పలక దొరకలేదు, అది రాజమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అయినా రామన్నకు పనేమీ ఆగలేదు. ఆ మర్నాడు తెల్లారేసరికి గోడ మీద ఫ్లెక్సీ లేచింది. అందులో మొదటి నమూనాలో ఉన్నట్టే రామన్న ముఖం చంద్రుడంత, భరత్ ముఖం బొత్తామంత. అన్ని వారాలు తను కట్టిన ఉక్కు యంత్రం చేసే పనిని ఒక ప్లాస్టిక్ గుడ్డ చేసేసింది. అది చూసి భానుశ్రీకి ఏడుపు రాలేదు, ఒళ్లంతా జిగురు పూసినట్టు అనిపించింది.

రామన్న మైకు పెట్టించి, జనాన్ని పోగేసి, అమరుడికి జోహార్లు చెప్తున్నాడు. అప్పుడు రాజమ్మ వచ్చింది. వెంట బస్తీ ఆడవాళ్లు. చేతిలో గడ్డి కోసే కొడవలి. నేరుగా గోడ దగ్గరకు వెళ్లి ఫ్లెక్సీ తాడు తెగ్గోసింది.

"అమ్మా, ఏం చేస్తున్నవ్! గది నీ కొడుకు బొమ్మ!" అని రామన్న మైకులోనే అరిచాడు.

"అవ్, నా కొడుకే. నేను దింపుకుంట. ఆపనీకి నువ్వెవనివి?"

అతని మనుషులు ముందుకు కదిలి ఆగిపోయారు. అమరుడి తల్లి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. రెండో తాడు కూడా తెగి ఫ్లెక్సీ బురదలో పడింది. రాజమ్మ దాని మీద కూర్చుని, కొడుకు ముఖం ఉన్న ముక్కను మాత్రం జాగ్రత్తగా కోసుకుంది. దాన్ని కొంగుతో తుడిచి మడిచి జాకెట్లో పెట్టుకుంది. మిగిలిందాన్ని, రామన్న నవ్వుతో సహా, కాలితో కుంటలోకి తోసింది.

"నీళ్లల్ల పెంట పోసుడు నీకు ఇష్టమే కదా" అంది. "పో, నువ్వు గూడ పో."

జనంలో ఎవరో నవ్వారు. మైకు కీచుమంది. రామన్న ఆ సాయంత్రందాకా ఫోన్ ఎత్తలేదట.

ఇక్కడితో గోడ కూలిపోయిందని చెప్పాలని భానుశ్రీకి ఉంటుంది. గోడ కూలలేదు. ఫ్లెక్సీ పోయిన వారానికి యజ్ఞనారాయణ ఆ గోడంతా వరసగా దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించాడు. వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, దుర్గమ్మ, పక్కన మక్కా బొమ్మ, శిలువ కూడా. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టి వెళ్లారని బస్తీలో చెప్పుకున్నారు. అయితే భరత్ తల్లి ఎదురు తిరిగిందన్న మాట పాకడంతో లారీలు మాత్రం ఆగాయి. సగం కుంట మిగిలింది.

భానుశ్రీ షెడ్డు ఖాళీ చేసింది. సమ్మె సడలి టెంపోలు తిరగడం మొదలైన రోజున చట్రాన్ని ఎక్కించడానికి మనుషులు చాలకపోతే, రత్నమాలే వచ్చి ఒక మూల పట్టింది. టెంపో కదిలేముందు రత్నమాల చట్రం మీద చెయ్యి వేసి, "మంచిగ కట్టినవ్" అంది. భానుశ్రీ తలూపింది. ఆ చేతి ముద్దలు తిన్న సంగతి గుర్తుంది. ఆ గేటు సంగతీ గుర్తుంది. రెండూ ఒకే మనిషివి కావడమే ఆమెకు మింగుడుపడలేదు.

శేరిలింగంపల్లిలో ఒక ఖాళీ గోదాము దొరికింది. ప్రయాణంలో కదిలిన పట్టాలు మళ్లీ సరిచేసుకుంది. రాజమ్మ వెతుక్కుంటూ అక్కడికి వచ్చింది.

"బిడ్డా, ఒక బోర్డు కావాలె. గీడ కుంట ఉంది, మట్టి పొయ్యొద్దని. పెద్దగ, దూరంకెళ్లి కనవడాలె."

"కింద ఎవరి పేరు పెట్టమంటారు?"

"ఎవ్వని పేరు వద్దు."

భానుశ్రీ మందపాటి పలక తీసి అక్షరాలు లోతుగా చెక్కింది. ఆడవాళ్లు దాన్ని ఒడ్డున పాతారు. కొన్నాళ్లకు ఎవరో పీకి పారేశారు. ఆమె చీదరించుకుంటూనే ఇంకో పలక తీసి, యంత్రానికి బిగించి, మోటారు మీట నొక్కింది.